వడదెబ్బ అని చెప్పుకున్నాం

మా నాన్న వడదెబ్బకు పోయాడని దాదాపు ముప్పై ఏళ్ళు అందరికీ చెబుతూ వచ్చాను. రోహిణి కార్తెలో పోయాడు కాబట్టి ఎవరూ మారు ప్రశ్న వేయలేదు. నిజానికి ఆయన పడిపోయింది పొద్దున్నే ఆరు గంటలకు, పెరట్లో పళ్ళు తోముకుంటూ. ఆరింటికి ఏ ఎండ తగిలిందని ఎవరైనా అడిగి ఉంటే మా దగ్గర జవాబు లేదు. "గుండెల మీద ఏదో బరువు పెట్టినట్టుందే" అని అమ్మతో అన్నాడు, ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు, అంతే. అప్పటికి ఆయనకు నలభై ఏడు.

వడదెబ్బ అన్న మాట అమ్మది. అప్పుడు నాకు గుడివాడ సంబంధం దాదాపు ఖాయమై ఉంది. గుండెజబ్బు వంశమని పేరు పడితే ఆ సంబంధం వెనక్కి పోతుందని అమ్మ భయం. శవం ఇంట్లో ఉండగానే ఆవిడ అంత దూరం ఆలోచించిందని చాలా ఏళ్ళు నాకు కోపంగా ఉండేది. కానీ పెళ్ళి అయింది కదా. ఆ వడదెబ్బ మీదే నా కాపురం నిలబడింది, మా ఆయనకు కూడా నేను అదే చెప్పాను.

తర్వాత నాలుగేళ్ళకు బాబాయి పోయాడు, నలభై మూడేళ్ళకే. పొలం గట్టు మీద కాలు జారి పడ్డాడని చెప్పుకున్నాం. ముందు గుండె ఆగింది, తర్వాతే కాలు జారింది. తాతయ్య సంగతి నేను పుట్టకముందుది, ఆయనకు దిష్టి తగిలిందట. బాబాయి పోయాక ఎవరో మా ఇంటికి వీధిపోటు ఉందన్నారు. దక్షిణం గేటు మూసేసి తూర్పున కొత్త గేటు పెట్టించారు. బాబాయి పోయింది పొలంలో, పొలానికి అసలు గేటే లేదు. ఈ మాట నేను అంటే అమ్మ నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఇందులో నవ్వు వచ్చే విషయం ఏమిటంటే, నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఏటా పదో తరగతి పిల్లలకు బఠానీ మొక్కలు, పొడుగూ పొట్టీ, తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటి అని బోర్డు మీద గళ్ళు గీసి మరీ చెబుతాను. మా ఇంటి గళ్ళు మాత్రం ఒక్కసారీ గీసుకోలేదు. తమ్ముడికి నలభై దాటాక వాడి వయసు మనసులో లెక్కపెట్టుకునేదాన్ని. నలభై మూడు దాటింది, నలభై నాలుగు, నలభై ఐదు. రక్తపరీక్ష చేయించుకోరా అని రెండుసార్లు అన్నాను. "నాకేంటక్కా, రోజూ చెరువుల చుట్టూ నాలుగు మైళ్ళు నడుస్తా" అన్నాడు. నేనూ ఊరుకున్నాను. ఎందుకు చేయించుకోవాలో చెప్పాలంటే నాన్న సంగతి పైకి అనాలి, మా ఇంట్లో ఆ మాట ఎవరం అనం.

తమ్ముడికి దివిసీమలో నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులు ఉన్నాయి. మనిషి బక్కగానే ఉంటాడు, నడుము దగ్గర మాత్రం చిన్న పొట్ట. సిగరెట్టు లేదు, మందు లేదు. పోయిన కార్తీకంలో వాడి కూతురికి బందరు పక్క గూడూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లలిద్దరూ ఒకరికొకరు నచ్చారు. ముహూర్తం మాట్లాడుకోవడానికి పిల్లవాడి తల్లిదండ్రులు తమ్ముడి ఇంటికి వచ్చారు. మేనత్తను కాబట్టి నేనూ గుడివాడ నుంచి వెళ్ళాను. అప్పుడు తమ్ముడికి నలభై ఆరు.

భోజనాలయ్యాక తమ్ముడు వాము నమలడం మొదలుపెట్టాడు. పావుగంటకు నిమ్మసోడా తెప్పించుకున్నాడు. వీపు రుద్దుకుంటూ నవ్వుతూనే ఉన్నాడు. నేను వాడి చొక్కా చూశాను, వెన్ను మొత్తం తడిసిపోయి ఉంది. కార్తీకమాసం, పైన ఫ్యాను తిరుగుతోంది.

"గ్యాసే అక్కా. పొద్దున్నించీ ఏం తినకుండా ఒక్కసారే తిన్నా కదా."

ఆ మాట వియ్యంకుడు కాబోయే ఆయన నమ్మలేదు. చాలా మంచి మనిషి, నెమ్మదస్తుడు. కారు తీసి వాకిట్లో పెట్టాడు. "అవనిగడ్డలో ఎక్కడికో ఎందుకు, బందరులో నాకు తెలిసిన ఆసుపత్రి ఉంది, గంటలో వెళ్ళిపోతాం బావగారూ, ఎక్కండి" అన్నాడు. తమ్ముడి దగ్గరే ఉండే అమ్మా, నేనూ వెనక సీట్లో వాడికి అటూ ఇటూ కూర్చున్నాం. మరదలూ, మేనకోడలూ, గూడూరావిడా ఇంట్లోనే ఉండిపోయారు. మోపిదేవి దాటేదాకా తమ్ముడు మాట్లాడుతూనే ఉన్నాడు. చల్లపల్లి దగ్గర మాటలు ఆగిపోయాయి. వాడి అరచెయ్యి నా చేతిలో చెమటకు జారిపోతోంది. అమ్మ వాడి గుండెల మీద రాస్తూ ఉంది, పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి అడుగుతోందో తెలియదు.

బందరు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చిన్న వయసు కుర్రాడు. వెంటనే ఈసీజీ తీయించాడు. కాగితం రెండుసార్లు చూసి, "ఇందులో ఏం కనపడట్లేదండీ. సిగరెట్ తాగుతారా? షుగరుందా?" అని అడిగాడు. లేదు, లేదు అన్నాం. తమ్ముడి కనురెప్పల లోపలి మూలల్లో చిన్న పసుపు పచ్చ బొడిపెలు ఉంటాయి, శనగపప్పు బద్దంత. డాక్టరు వేలితో రెప్ప కొంచెం లాగి చూశాడు.

"ఇవి ఎప్పట్నించున్నాయి?"

"అవి మా ఇంటి గుర్తు బాబూ" అంది అమ్మ. అంత భయంలోనూ గొంతులో కాస్త గర్వం పలికింది. మా నాయనమ్మ వాటిని లక్ష్మీ చుక్కలు అనేది. అవి ఉన్నవాడి ఇంట్లో గాదె ఖాళీ అవదని నమ్మకం. "వీళ్ళ నాన్నకీ ఉండేవి. వీడి బాబాయికీ ఉండేవి."

"వాళ్ళు ఉన్నారా?"

"లేరు."

"ఎలా పోయారండీ? గుండెపోటా?"

గది చిన్నది. మంచం కాళ్ళ దగ్గర గూడూరాయన నిలబడి ఉన్నాడు, చేతిలో తమ్ముడి చెప్పులు పట్టుకుని. అమ్మ ఆయన వంక చూసింది. తర్వాత నా వంక చూసింది.

"లేదు బాబూ. మావారు వడదెబ్బకి పోయారు. మరిది పొలంలో కాలు జారి పడ్డాడు. మా వంశంలో గుండెజబ్బులేం లేవు."

డాక్టరు రాసుకున్నాడు. నేను నోరు తెరిచాను. ఆ క్షణంలో నాకు కనపడింది తమ్ముడు కాదు, మా మేనకోడలు. పొద్దున అది నా చెవిలో "అత్తా, ఫిబ్రవరిలో ముహూర్తం ఉండేలా చూడవా" అని అడిగింది. తర్వాత మా ఆయన కనపడ్డాడు, ఇన్నేళ్ళు నాతో అబద్ధం చెప్పావా అన్నట్టు. నేను నోరు మూసుకున్నాను.

గ్యాస్‌కు ఇంజెక్షన్ ఇచ్చారు. "ఇది పని చేస్తే ఇంటికి వెళ్ళిపోవచ్చు. రేపు పరగడుపున కొవ్వు పరీక్ష చేయించండి" అని డాక్టరు పక్క గదిలోకి వెళ్ళాడు. నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా గోడ గడియారం, పక్కన తెరిచిన తలుపులోంచి తమ్ముడి మంచం. పది నిమిషాలకు తమ్ముడు తగ్గిందన్నాడు. ఇరవై నిమిషాలకు మళ్ళీ మొదలైంది, దవడలోకి లాగుతోందన్నాడు. పిల్లలకు నేను చెప్పే పాఠమే, నొప్పి దవడలోకి పాకితే గుండెది అని. చెప్పిన నోరు, తెలిసిన బుర్ర, అయినా లేవలేదు. గూడూరాయన పక్కనే కూర్చుని, "ఏం భయం లేదమ్మా, గ్యాసే" అని నాకు ధైర్యం చెబుతున్నాడు. ఆయన మంచితనం చూస్తే నాకు ఇంకా నోరు రాలేదు.

అరగంటకు తమ్ముడు, "అక్కా" అన్నాడు. అచ్చం నాన్న గొంతు. అప్పుడు లేచాను.

డాక్టరు గది తలుపు తోసుకుని వెళ్ళి గూడూరాయనకూ వినపడేలాగే చెప్పాను. "మా నాన్న నలభై ఏడేళ్ళకి గుండెపోటుతో పోయారండీ. బాబాయి నలభై మూడుకి. మా తాతా అంతే. మా అమ్మ చెప్పింది నిజం కాదు."

ఆ కుర్రాడు కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాడు. రెండో ఈసీజీ తీసిన నిమిషానికి గది నిండా మనుషులు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేశారు, అంబులెన్స్‌కు చెప్పారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని వరండాలోకి లాగింది. "నీ నోరు పడిపోను. పిల్ల బతుకు బుగ్గి చేశావే" అంది. తర్వాత అదే చెయ్యి పట్టుకుని నా భుజం మీద పడి ఏడ్చింది. నేను ఏడవలేదు. అంబులెన్స్ కోసం వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను.

బెజవాడలో రక్తనాళం తెరిచి స్టెంట్ వేశారు. అక్కడ పెద్ద డాక్టరు మర్నాడు మమ్మల్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. మా ఇంటి మగవాళ్ళకే కాదు, ఆడవాళ్ళకూ ఈ జబ్బు తండ్రి నుంచైనా తల్లి నుంచైనా రావచ్చట. చెడ్డ కొవ్వును రక్తంలోంచి లాగేసే పని కాలేయానిది. ఆ పని సరిగ్గా జరగనివ్వని జన్యువు ఒక్కటి చాలట, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. రెప్పల మీది లక్ష్మీ చుక్కలు ఆ కొవ్వేనట. దానికి తోడు నడుం పొట్ట, షుగరు, బీపీ అనేవి ఉన్నాయి. వాటికి ఒక్క జన్యువు కాదు, చిన్నచిన్నవి బోలెడు కలిసి పని చేస్తాయి, తిండీ, కదలకుండా కూర్చోవడమూ వాటికి నిప్పు రాజేస్తాయి అన్నాడు. బందరు వెళ్ళేదాకా తమ్ముడు షుగరు పరీక్షే చేయించుకోలేదు, తీరా చూస్తే అదీ ఉంది. నేను బోర్డు మీద గీసే గళ్ళే ఆయన కాగితం మీద గీశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే అంత కండరం మిగులుతుందమ్మా. కొంత పోయింది. ఉన్నదాన్ని కాపాడుకుందాం" అన్నాడు చివర్లో.

గూడూరాయన బెజవాడలో రెండు రోజులు మాతోనే ఉన్నాడు. టిఫిన్లు తెచ్చాడు, మందులు తెచ్చాడు. పది రోజుల తర్వాత ఫోన్ చేసి, జాతకాలు మళ్ళీ చూపిస్తే కుదరలేదని చాలా మర్యాదగా చెప్పాడు. మా వడదెబ్బకు ఆయన జాతకం చెల్లు. నాకు ఆయన మీద కోపం రాలేదు.

మేనకోడలు మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. నాలుగో రోజు వచ్చి, "నాకూ పరీక్ష చేయించండి" అంది. దానికీ ఉంది, నాకూ ఉంది. ఇద్దరం రాత్రి పూట ఒకే మాత్ర వేసుకుంటాం. మా ఆయనకు ఆ వారమే అంతా చెప్పాను. ఆయన, "మన పిల్లలకి ఎప్పుడు చేయిద్దాం?" అని మాత్రం అడిగాడు. ఈమధ్య మేనకోడలికి ఇంకో సంబంధం వచ్చింది. కాఫీలు ఇవ్వకముందే అది వాళ్ళ ఎదురుగా కూర్చుని తాతయ్య సంగతి, నాన్న సంగతి, తన సంగతి చెప్పేసింది. వాళ్ళు ఇంకా ఏ మాటా చెప్పలేదు.

తమ్ముడు బతికాడు. చెరువు గట్టు చుట్టూ నాలుగు మైళ్ళు నడిచినవాడు ఇప్పుడు చెరువులో గాలి కొట్టే ఏరేటర్ల దాకా వెళ్ళి ఆగిపోతాడు, ఊపిరి అందదు. మేత జల్లడం పాలేరు చూసుకుంటున్నాడు. వచ్చినవాళ్ళందరికీ వాడు ఒకటే కథ చెబుతాడు, మా అక్క మొహమాటం లేకుండా నిజం చెప్పబట్టి నేనున్నాను అని.

పోయిన ఆదివారం వెళ్ళాను. వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం, అమ్మ పక్కన గోంగూర వలుస్తోంది. పక్క చెరువు ఆసామి ఎవరో వచ్చాడు. తమ్ముడు మళ్ళీ మొదలుపెట్టాడు.

"డాక్టరు అడిగీ అడగ్గానే చెప్పేసిందండీ మా అక్క. పెళ్ళివారు ఎదురుగా ఉన్నా సరే. కదక్కా?"

అమ్మ చేతిలో గోంగూర కాడ ఆగింది. తల ఎత్తి నా వంక చూసింది.

"అవున్రా" అన్నాను. "అడగ్గానే చెప్పాను."