కేజ్ నడిపిన మునివెంకటప్ప

పోయిన వారం కోలారు దగ్గర ఒక ఫ్యాక్టరీలో సామాన్లు మోసే పెద్ద లిఫ్టును పరీక్షిస్తున్నాం. నిండా బరువు ఎక్కించి, పైనుంచి దింపుతూ మధ్యలో ఆపమన్నాను. బ్రేకు పట్టుకుంది. వేడెక్కిన బ్రేకు పట్టీ వాసన, దానితో కలిసిపోయిన గ్రీజు వాసన ఒక్కసారిగా గుప్పుమన్నాయి. పక్కనున్న కుర్ర ఇంజనీర్లు ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం ఇంకాస్త దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్స్ గని దగ్గరి ఒక వైండింగ్ ఇంజిన్ గది, అందులో ఎత్తయిన కుర్చీ, ఆ కుర్చీలో చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి కూర్చున్న మునివెంకటప్ప నా కళ్ల ముందుకు వచ్చారు. ముప్పై ఏళ్లుగా యంత్రాలతోనే బతుకుతున్నాను. ఆ పనిలో నాకు దారి చూపింది ఆయనే.

అప్పటికి బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్లయింది. మా నాన్న ఆ గనుల్లోనే పని చేసేవారు. నేను ఎలక్ట్రానిక్స్ చదివి, ఎలక్ట్రికల్ విభాగంలో జూనియర్ ఇంజనీరుగా చేరాను. మునివెంకటప్పది బూదికోట. వైండింగ్ డ్రైవరు. గనిలోకి దిగే బావికి పక్కగా ఉన్న ఇంజిన్ గదిలో ఇద్దరు మనుషుల ఎత్తున్న ఇనుప డ్రమ్ము ఉండేది. దాని మీద చుట్టుకున్న ఉక్కు తాడు గోడ రంధ్రంలోంచి బయటికి వెళ్లి, బావి మీది పెద్ద చక్రం ఎక్కి, మనుషులు నిలబడే కేజ్‌ను పట్టుకుని వేల అడుగుల లోతుకు దిగేది. డ్రైవరు కూర్చున్న చోటు నుంచి బావి కనపడదు. దింపమనో ఆపమనో చెప్పే గంటలు కింద నుంచి వినిపిస్తాయి, గడియారంలాంటి పలకలో ఒక ముల్లు లోతు చూపిస్తుంది, ఎక్కడ వేగం తగ్గించాలో, ఎక్కడ ఆపాలో తెలిపేలా డ్రమ్ము అంచున తెల్ల రంగుతో గీసిన గీతలు తిరుగుతుంటాయి. వాటిని బట్టే మనుషుల్ని దింపాలి, ఎక్కించాలి. మా నాన్న ఇంట్లో ఆయన గురించి ఒకే మాట అనేవారు, ఆయన డ్యూటీలో ఉంటే కేజ్ ఆగిందని కాళ్లకు తెలియదని. నాన్నకంటే పెద్దవాడు కాబట్టి నేను పెద్దప్పా అని పిలిచేదాన్ని.

ఆ ఇంజిన్‌కు కొత్త కంట్రోలు వ్యవస్థ పెట్టాలని నిర్ణయించినప్పుడు ఎన్‌కోడర్ బిగించే పని నాకు అప్పగించారు. అరచేతిలో పట్టేంత డబ్బా అది. దాన్ని డ్రమ్ము ఇరుసు చివర బిగిస్తారు. మొదటి రోజు మునివెంకటప్ప కుర్చీ దిగి వచ్చి, దాన్ని చేతిలోకి తీసుకుని, ఇది ఏం చేస్తుందని అడిగారు. నేను చాలా ఉత్సాహంగా చెప్పాను. లోపల సన్నని గీతలున్న గాజు బిళ్ల ఉంటుంది. దానికి ఒక పక్క దీపం, మరో పక్క వెలుతురును పసిగట్టే రెండు కళ్లు. బిళ్ల తిరిగేకొద్దీ వెలుతురు తెగి తెగి పడుతుంది. ఎన్నిసార్లు తెగిందో లెక్కపెడితే డ్రమ్ము ఎంత తిరిగిందో తెలుస్తుంది, ఎంత త్వరగా తెగుతోందో చూస్తే వేగం తెలుస్తుంది, రెండు కళ్లలో ఏది ముందు చూసిందో దాన్ని బట్టి కేజ్ దిగుతోందో ఎక్కుతోందో తెలుస్తుంది. అదంతా తెర మీద అంకెల్లో కనిపిస్తుంది. ఆయన ఓపిగ్గా విన్నారు. డబ్బాను రెండు వైపులా తిప్పి చూశారు.

“అంటే ఇది డ్రమ్మును చూస్తాది. కేజ్‌ను చూసేది లేదు,” అన్నారు.

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన నవ్వి, “నేనూ చూసేది లేదులేమ్మా. ఇద్దరమూ గుడ్డోళ్లమే. అది మర్చిపోకుండా ఉంటే చాలు,” అని మళ్లీ కుర్చీ ఎక్కారు. ఆ మాటలోని బరువు అప్పుడు నాకు తెలియలేదు. పాతకాలపు మనిషి, కొత్త యంత్రమంటే భయపడుతున్నారనుకున్నాను.

పది రోజులకు ఖాళీ కేజ్‌తో పరీక్ష మొదలుపెట్టాం. ఇంజిన్ నడిపేది ఆయనే, నేను తెర ముందు కూర్చుని అంకెలు చదివి చెప్పేదాన్ని. మొదటి రెండు రోజులు ముల్లు చూపిన లోతూ నా తెర చూపిన లోతూ ఒక్కలాగే వచ్చాయి. నాకు గర్వం తలకెక్కింది. మూడో రోజు కేజ్ పైకి వస్తుండగా నా తెర మీద ఇంకా చాలా దూరం ఉంది. నేను అదే చెప్పాను. ఆయన డ్రమ్ము అంచున తిరిగే తెల్ల గీతను చూస్తూ బ్రేకు లాగారు. గది అంతా కాలిన వాసనతో నిండిపోయింది. బయటికి పరుగెత్తి చూస్తే, కేజ్ బావి మూతికి దాదాపు వచ్చేసి ఉంది. నా అంకెను నమ్మి ఆయన వేగం తగ్గించకపోయి ఉంటే, అది నేరుగా వెళ్లి పైనున్న చక్రానికి గుద్దుకునేది.

ఎన్‌కోడర్‌ను ఇరుసుతో కలిపే చిన్న జోడింపు ఉంటుంది. దాని స్క్రూ వదులైంది. డ్రమ్ము తిరుగుతూనే ఉంది, నా డబ్బా మాత్రం ఉండుండి జారిపోయింది. ఆ స్క్రూ బిగించింది నేనే. గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. నేను తాగేదాకా ఆగి, వెళ్లి పై అధికారికి జరిగింది నువ్వే చెప్పు అన్నారు. నేను కదలబోతుంటే ఒక మాట అడిగారు.

“నేను తప్పు చేస్తే లోపలున్నోళ్లు తిడతారు, గంట కొట్టేవాడు అరుస్తాడు. తప్పు చేసినావని దీనికి ఎవరు చెప్తారమ్మా?”

ఆ ఒక్క ప్రశ్న నాతో రెండు నెలలు పని చేయించింది. మోటారు వైపున రెండో ఎన్‌కోడర్ పెట్టి, రెండు లెక్కలూ కలవకపోతే ఇంజిన్ ఆగిపోయేలా చేశాను. బావి గోడకు కొన్ని చోట్ల స్విచ్‌లు పెట్టించాను. కేజ్ వాటిని దాటినప్పుడల్లా, లెక్క ప్రకారం అది అక్కడే ఉండాలా లేదా అని యంత్రం సరిచూసుకుంటుంది. పైకి దగ్గరవుతున్నా వేగం తగ్గకపోతే తానే బ్రేకు వేస్తుంది. ఆ స్విచ్‌లు ఎక్కడ పెట్టాలో కాగితం మీద లెక్క వేస్తే, ఆయన పెన్సిలుతో దిద్దేవారు. “తాడు సాగతాదమ్మా. మనుషులు నిండుగా ఎక్కితే ఒక లెక్క, ఖాళీగా పోతే ఇంగో లెక్క,” అనేవారు. ఏ పుస్తకంలోనూ దొరకని ఆ తేడాలన్నీ ఆయన చేతికి తెలుసు.

వ్యవస్థ సిద్ధమైంది. కొన్నాళ్లు డ్రైవరే ఇంజిన్ నడపాలి, యంత్రం కాపలా మాత్రమే కాయాలి అన్నారు పైవాళ్లు. ఒక మధ్యాహ్నం షిఫ్టు ముగించుకున్న కూలీలతో కేజ్ పైకి వస్తోంది. నడుపుతున్నది మునివెంకటప్పే. బావి మూతికి ఇంకా కొంత దూరముండగా యంత్రం తనంతట తాను బ్రేకు వేసింది. లోపలున్నవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒకాయన పెదవి చిట్లింది. పైకి వచ్చాక అందరి కోపమూ నా డబ్బా మీదే. ఇన్నేళ్లలో ఏనాడూ కుదుపు తెలియనివ్వని మనిషి కుర్చీలో ఉన్నాడు, కాబట్టి తప్పు యంత్రానిదే. దాన్ని పీకేసేదాకా కేజ్ ఎక్కేది లేదన్నారు.

నేను ఆ సాయంత్రమంతా లెక్కలు చూశాను. రెండు ఎన్‌కోడర్లూ కలిశాయి, స్విచ్‌లూ కలిశాయి. యంత్రంలో తప్పు లేదు. తగ్గించాల్సిన చోట మునివెంకటప్ప వేగం తగ్గించలేదు, అంతే. ఆ విషయం నాకు తెలిసిన క్షణంలోనే దాన్ని రాయకూడదని కూడా నిర్ణయించుకున్నాను. నాన్నను అన్నేళ్లు క్షేమంగా ఇంటికి పంపిన చేతులవి. రిపోర్టులో, కారణం తేలలేదని, పరికరంలో లోపం ఉండవచ్చని రాశాను.

మరుసటి ఉదయం ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు. ఇంగ్లీషు చదవడం రాదు, ఏం రాశావో చదివి చెప్పమన్నారు. చదివాను.

“అది కొట్టేయమ్మా. నీ డబ్బా నిజం చెప్పినాది. గీత వచ్చింది నాకు కనబడలేదు. కొన్నాళ్ల నుంచి ఎడమ కంట్లో పొగ కమ్మినట్ల ఉండాది.”

ఈ ఒక్కసారికి వదిలేద్దాం పెద్దప్పా, రిటైరవడానికి ఎంతో కాలం లేదు కదా అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

“నువ్వు నా మీద ప్రేమతో రాసినావు. రేపు ఇంగొకడు భయంతో రాస్తాడు. కింద దిగేవాళ్లకు రెండూ ఒకటే,” అన్నారు. నేను రిపోర్టు మార్చి రాసేదాకా కదల్లేదు. ఆ తర్వాత తానే మేనేజరు గదికి నడిచి వెళ్లారు. తోటివాళ్లు కొందరు ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదు, యంత్రం పక్షాన నిలబడ్డాడని. కంటికి ఆపరేషన్ అయింది, చూపు బాగానే వచ్చింది, కానీ మనుషులున్న కేజ్ నడిపే కుర్చీ మళ్లీ ఆయనకు దక్కలేదు. ఆ కుర్చీలోకి ఆయన దగ్గరే పని నేర్చుకున్న రాజేంద్ర వచ్చాడు.

కూలీలు మాత్రం ఇంకా నమ్మలేదు. అప్పటిదాకా ఆపి ఉంచిన యంత్రం కాపలాను మళ్లీ పెట్టి కేజ్ నడిపే మొదటి రోజు, బావి దగ్గర గుమిగూడి నిలబడ్డారు, ఒక్కరూ ఎక్కలేదు. అప్పుడు మునివెంకటప్ప ఎవరిదో హెల్మెట్ అడిగి తీసుకుని ముందుకు వచ్చారు. అన్నేళ్ల ఉద్యోగంలో తాను కేజ్‌లో దిగింది నాలుగైదు సార్లేనని, లోపలికి వెళ్లడమంటే తనకు భయమని నాతో అన్నారు. ఆ భయం ఆయన ముఖంలో కనిపిస్తూనే ఉంది. అయినా ఒక్కరే ఎక్కి, కేజ్ గుమ్మానికి అడ్డంగా ఉండే గొలుసు తగిలించుకున్నారు.

ఆడవాళ్లు గనిలోకి దిగకూడదన్నది చట్టం. నేను ఇంజిన్ గదిలో తెర ముందు కూర్చున్నాను. గంట మోగింది, రాజేంద్ర లివరు కదిలించాడు, అంకెలు పెరగడం మొదలైంది. అంతకుముందు నేను ఆ అంకెల్ని వేలసార్లు చూసి ఉంటాను. ఆ రోజు ఒక్కో అంకె మారుతుంటే, చీకట్లో ఒక్కరే నిలబడి ఇనుప కడ్డీ పట్టుకున్న ముసలాయన ఇప్పుడు ఇంత లోతున ఉన్నారు, ఇప్పుడు ఇంకాస్త కింద ఉన్నారు అనిపించింది. అడుగుకు చేరాక ఆగినట్టు గంట ఒక్కసారి మోగింది. తర్వాత పైకి. కేజ్ బావి మూతి దగ్గర కుదుపు లేకుండా ఆగింది. ఆయన దిగి, చెమట తుడుచుకుని, బయట నిలబడ్డవాళ్లతో, “పోండప్పా, బాగానే ఉండాది,” అన్నారు. వాళ్లు ఎక్కారు.

కొన్నేళ్లకు గనులు మూతపడ్డాయి. ఆయన బూదికోటలో రాగి చేను చూసుకుంటూ ఇంకా చాలా కాలం బతికారు. నేను ఫ్యాక్టరీల్లో పనికి వెళ్లాను. ఇప్పుడు నా దగ్గర పనిచేసే ఇంజనీర్లు పరీక్ష ముగించి, అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి మేడమ్, సంతకం పెట్టండి అంటారు. ఆ యంత్రం పక్కన రోజూ నిలబడబోయే మనిషి ఎవరని అడుగుతాను. చాలామందికి తెలియదు. వెళ్లి ఆయన పేరు కనుక్కుని, ఆయన్ని వెంటబెట్టుకుని రమ్మంటాను. వాళ్లు వచ్చేదాకా పెన్ను మూత తీయను.