మోహన ఉప్పు తినలేదు

పాలకేంద్రంలో పాలు కొలిచే మోహన దొంగతనంగా ఉప్పు తిన్నదని వడమాలపేటంతా నమ్మింది. తినలేదు మహాప్రభో! ఇరవై రోజులు చప్పిడి మజ్జిగన్నమే మింగింది ఆ పిచ్చిది.

కళ్లు పచ్చబడితే కామెర్లే అనుకున్నారు ఇంట్లోవాళ్లు. మన వైపు ఇంకేమనుకుంటారు? ఆదివారం పొద్దున్నే మునిరామయ్య వాకిటికి తీసుకుపోయారు. ఆయన పైసా పుచ్చుకోడు. ఆకుపసరు తాగించి ఉప్పు మానమంటాడు, అంతే. మూడు ఆదివారాలు తాగించాడు. నాలుగో ఆదివారానికి మూత్రం డికాషన్‌లా నల్లబడి, మోహన ఆ వాకిట్లోనే కూలిపోయింది.

"పత్యం తప్పింటాది. ఉప్పు తినింటాది," అన్నాడు మునిరామయ్య, చేతులు కడుక్కుంటూ.

తిరుపతి డాక్టరు చెప్పింది వేరు. కాలేయంలో దోషమేమీ లేదు. రోగాలతో పోరాడాల్సిన ఒంటి బలమే ఎదురుతిరిగి సొంత రక్తకణాలను చంపుతోంది. హీమోగ్లోబిన్ మూడుకు పడిపోయింది. ఎక్కిద్దామంటే ఎవరి రక్తమూ సరిపడలేదు. ఉన్నవాటిలో కాస్త నయమనిపించినదాన్ని బొట్టుబొట్టుగా ఎక్కించారు. స్టెరాయిడ్లకు మొహం పూరీలా పొంగింది. ప్లీహం తీసేశారు. కాల్లో రక్తం గడ్డకట్టి, నడక కుంటిదైంది. ముందే వచ్చుంటే ఇంత దాకా వచ్చేది కాదు అన్నాడు డాక్టరు.

మోహన కడుపు మండిపోయింది. బతికి ఇంటికొచ్చినా ఆ చెడ్డపేరు పోలేదు. కట్టుకున్నవాడి తల్లి, సొంత అత్త కూడా నమ్మింది! ఆ ముసలాడి నోటితోనే, పదిమందిలో, ఆ మాట వెనక్కి తీయించాలి. ఆ పంతంతోనే రోజూ గుప్పెడు మాత్రలు మింగింది.

మొన్న రక్తపరీక్షకు తిరుపతి పోతే, ల్యాబు ముందు వరుసలో మునిరామయ్య! పక్కన కూతురు లోహిత, కళ్లు పచ్చగా. మోహన పలకరించలేదు. దొరికావురా అనుకుంది.

ఆదివారం తెల్లారగానే అత్తను వెంటబెట్టుకుని ఆయన వాకిట్లో నిలబడింది. పసరు కోసం పదిహేనుమంది కూర్చున్నారు.

"మామా, లోహితకు పసరు పోసినావా?"

ఆయన పసరు గిన్నె కింద పెట్టాడు. మోహనే జవాబు చెప్పింది.

"పొయ్యలేదు. కండ్లు పచ్చబడతానే ల్యాబుకు పిలుచుకపోయినావు. నా కండ్లారా సూసినా. ఏం, దాంతో ఉప్పు మానిపించేది సేతగాలేదా?"

"అది నా బిడ్డ గదమ్మా," నోరు జారాడు ముసలాడు.

"మరి నేనెవురి బిడ్డను మామా?"

ఒకావిడ కూతురి చెయ్యి పట్టుకుని లేచింది. ఆమె వెనకే మరో ఇద్దరు లేచారు.

"మోహన ఉప్పు తినలేదు," గొణిగాడు మునిరామయ్య, తల వంచుకుని. "నేనే అట్లనేసినా."

"గట్టిగా సెప్పు," అంది మోహన. "మా అత్తకు ఇనపడాల."