ఈగ వాలని బెల్లం

ఉదయం ఏడింటికి పార్వతీపురంలో రాయగడ బండి ఎక్కాను. మూడో తరగతి టిక్కెట్టు, చేతిలో నమూనా సీసాల చెక్కపెట్టె. నేను హెల్త్ ఇనస్పెక్టర్ని. ఈగంటే నాకు ఒళ్లుమంట. కల్యాణసింగ్‌పూర్ దారిలో బెల్లం వండే ఒక పాకను కిందటిసారి ఈగల పేరు చెప్పే తిట్టిపోశాను. మారిందో లేదో చూడ్డానికే ఈ ప్రయాణం.

ఎదురుగా కూర్చున్న ముసలమ్మ, బాలింత కూతురికి కాయం మందు వండాలని రాయగడ సంతకు బెల్లానికి వెళుతోంది. నేను వెళ్లే పాక సరుకే కొంటుందట.

"అక్కడ ఈగన్నదే లేదంట బాబూ! మా బండోడు రేతిరే సెప్పేడు" అంది.

ఆ ఘనత నాదేనని మీసం దువ్వుకున్నాను.

తొమ్మిదిన్నరకు రాయగడలో దిగి, ఇడ్లీ తిని, ఎడ్లబండి మాట్లాడుకున్నాను. దారిలో నీడ తక్కువ, వెళ్లేవాళ్లు గొడుగు మరవకండి. పదకొండున్నరకు పాక చేరాను. పెనంలో చెరకురసం కుతకుతమంటోంది. తీపి వాసన గుప్పుమంటోంది. ఒక్క ఈగ లేదు. చీమా లేదు. వాకిట్లో చచ్చిన తేనెటీగలు కుప్పగా ఊడ్చి ఉన్నాయి.

"ఏం చేశావయ్యా?" అని మేస్త్రి అప్పలస్వామిని అడిగాను.

"ఒక్క ఈగ కనిపించినా పాక మూయించేస్తానని తమరే కదా బాబూ అన్నారు! తోళ్లకి పూసే పాషాణం తెచ్చి, మొన్నటినుంచీ నేలా, బెల్లం పోసే అచ్చులూ ఆ నీళ్లతోనే కడిగిస్తన్నాను. ఆ తరవాత ఒక్కటీ రాలేదు!"

మెప్పు కోసం నా మొహంలోకి చూస్తున్నాడు. ఈగలొద్దని గద్దించాను గానీ ఎలా పోగొట్టాలో చెప్పిన పాపాన పోలేదు. పొయ్యి ఆర్పించి, సరుకంతటికీ సీలు వేశాను. ఆ కడుగుడు మొదలెట్టాక బయటికి వెళ్లింది ఈ పొద్దున సంతకు పోయిన బుట్ట ఒక్కటేనట.

సంతలో ఆ బుట్ట దొరికింది, దానికీ సీలు వేశాను. ఒక బెల్లం అచ్చు తక్కువ. "పార్వతీపురం ముసిల్దొకర్తి కొనీసింది" అన్నాడు అమ్మేవాడు.

అయిదు గంటల బండికి పరుగెత్తాను. డబ్బా డబ్బా వెతికితే, పొద్దుటి ముసలమ్మే మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ముక్క కొరికావా అమ్మా?"

"బాలింతకి ఎట్టకుండా నాను తింతానేటి బాబూ?"

అమ్మయ్య అనుకుని ఆమె పక్కన కూర్చున్నాను. సంగతి చెప్పి, అచ్చును నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఆమె ఆ తాళం వంక చూసింది.

"ఈగ లేదంటే సుబ్బరమనుకున్నాను బాబూ."

"నేనూ అంతే అమ్మా."

బండి కదిలాక ఆమె సద్దిమూట విప్పి నాకూ ఒక ముద్ద పెట్టింది. దానిమీద ఈగ వాలింది. ఆమె తోలబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఉండనీ."

అది తిని ఎగిరిపోయేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.