జోడెద్దుల దౌత్యం

ఆదోనిలో డిగ్రీ పిల్లలకు అంతర్జాతీయ రాజకీయాలు చెప్పడం నా ఉద్యోగం. రెండు దేశాలు పంతం పట్టి, ఎవరు ముందు తగ్గుతారా అని ఒకరినొకరు కనిపెట్టుకుని కూర్చునే పాఠమంటే నాకు మహా ఇష్టం. నష్టం ఎవరికెక్కువో తేలితే తగ్గేదెవరో ఇట్టే చెప్పేయొచ్చని బల్ల గుద్ది చెబుతుంటాను. మొన్న తొలకరికి ఆ పాఠం మా ఇంట్లోనే నడిచింది.

ఎమ్మిగనూరు దారిలో మా ఊరు. నాయనకు ఉన్నది ఒక్కటే ఎద్దు. పక్క చేను మామకూ అంతే. రెంటినీ కలిపి కాడి కడితేనే ఇద్దరి చేలలో విత్తనం పడేది. మాది కుడివైపు నడవడానికి అలవాటు పడింది, మామది ఎడమవైపు. వేరే ఎద్దుతో కడితే రెండూ మొరాయిస్తాయి.

ఎండాకాలంలో గట్టు మీది వేపకొమ్మల్ని మామ అడగకుండా కొట్టేశాడు. నాయనకు మండింది. మాటలు ఆగిపోయాయి. అంతలో మంచి వాన పడింది. విత్తడానికి సరిపడా తడి, పదును, నేలకు దొరికింది గానీ, నాలుగు ఎండలు కాస్తే అది పోతుంది. ట్రాక్టర్లన్నీ ఆలూరు వైపు పెద్ద చేలల్లో ఉన్నాయి. అయినా ఇద్దరూ గడప దాటలేదు.

ఊరుకోలేక క్లాసులో బోర్డు మీద రెండు దేశాలు రాసి, వాటి మధ్య ఒక కాడి గీశాను. ఎవరు తగ్గుతారో చెప్పమన్నాను. కోసిగి నుంచి వచ్చే అమ్మాయి లేచి, "మేడం, ఆ దేశాల్లో పదును ఇంకా ఉందా?" అంది. అందరూ నవ్వారు. నేను మాత్రం కిటికీలోంచి బయటి ఎండకేసి చూశాను.

సాయంత్రం బస్సు దిగి నేరుగా నాయన దగ్గరికి పోయాను. "మామకు మనకంటే ఎక్కువ చేను. నష్టం ఆయనకే. రేపో మాపో ఆయనే దిగొస్తాడు, నువ్వు కదలొద్దు" అన్నాను.

"ఆయప్ప వస్తాడని నేను, నేను పోతానని ఆయప్ప. ఇట్లా కూసుంటే ఇద్దరికీ పంట ఉండదు పాపా" అన్నాడు నాయన.

తెల్లారగానే ఎద్దును విప్పి మామ ఇంటి ముందర నిలబెట్టాడు. ఊరంతా చూస్తుండగా తలవంచినట్టయిందని నాకు ఒళ్ళు మండిపోయింది. నాయన వీధిలోంచే కేకేశాడు. "బావా, ముందు ఎవురి చేను?"

నా పాఠం ప్రకారం గెలిచినవాడు తన చేనే ముందనాలి. మామ తన ఎద్దును తోలుకుంటూ బయటికొచ్చాడు. నాయన ముఖం చూడకుండా, "మీదే. మీది మెరక, తొందరగా ఆరిపోతాది" అన్నాడు.

మా చేను పూర్తయి వాళ్ళ చేలో దిగేసరికి ఎండ ముదిరింది. గాలి లేచింది. సగం విత్తగానే మన్ను పొడిబారిపోయింది. కాడి విప్పక తప్పలేదు. ముందు వంతు మాకిచ్చినందుకు ఆయన చేను సగం అట్లాగే మిగిలింది.

"మామా, నీ చేను..." అన్నాను.

"ఇంకొక వాన పడకుండా పోతాదా పాపా?" అని నవ్వాడు మామ. "పడినప్పుడు ఎద్దును నేనే తోలుకొస్తాలే. మీ నాయనకు సెప్పు" అన్నాడు, పక్కనే నిలబడి ఉన్న నాయనకు వినబడేటట్టు.