ఏ ఏటి జీతం ఆ ఏటిదే

ఫిబ్రవరి వచ్చిందంటే రావులపాలెంలో సూర్యకళగారి గది ముందు స్కూటర్లు బారులు తీరేవి. జిరాక్సు షాపు పక్కన చిన్న గది. బడి వదిలాక టీచర్లు చేతికి సుద్దపొడితోనే వచ్చి కూర్చునేవారు. మార్చి జీతంలో పన్ను ఎంత కోస్తారో, ఎల్లైసీ కడితే ఎంత తగ్గుతుందో, పోస్టాఫీసు సర్టిఫికెట్లు ఇంకా కొనాలో అక్కర్లేదో ఆవిడ చెబితేగాని వాళ్ళకి నిద్ర పట్టేది కాదు.

నిజానికి ఆవిడ ఈ పనిలోకి కోరి రాలేదు. భర్త బుల్లిరాజుకి అరటి మార్కెట్లో కమీషన్ కొట్టు ఉండేది. తొంభై ఆరు నవంబరు తుఫానుకి కోనసీమ తోటలన్నీ నేలకి పరుచుకుపోయాయి. గెలలు లేని మార్కెట్లో కొట్టుకి పనేముంది? రైతులకిచ్చిన అడ్వాన్సులు అడగడానికి బుల్లిరాజుకి నోరు రాలేదు. వాళ్ళ పరిస్థితి కళ్ళారా చూస్తున్నాడు కదా. అప్పుడు సూర్యకళ, పెళ్ళికి ముందు పాలకొల్లులో చదివిన బీకాం సర్టిఫికెట్టు బీరువాలోంచి తీసి, రాజమండ్రిలో ఆడిటర్ ఉదయభాస్కర్‌గారి ఆఫీసులో చేరింది. రోజూ బస్సు మీద వెళ్ళి రావడం. మొదట్లో కాగితాలు టైపు చేసే పనే ఇచ్చారు. కానీ ఆవిడ టైపు చేసి ఊరుకునే మనిషి కాదు. ఈ అంకె ఎందుకు తీసేశారు, ఈయనకి ఇచ్చిన తగ్గింపు ఆయనకెందుకు ఇవ్వలేదు అని అడుగుతూనే ఉండేది. ఉదయభాస్కర్‌గారు విసుక్కోలేదు సరికదా, ఇన్‌కంటాక్స్ చట్టం పుస్తకం చేతికిచ్చి ఇంటికి పట్టుకెళ్ళి చదువుకోమన్నారు. ఆ తర్వాత సొంతంగా గది తీసుకుంటానంటే, మొదటి పార్టీలని ఆయనే పంపించారు.

ఆవిడ పద్ధతి ఒకటుండేది. సొంతింట్లో ఉంటూ అద్దె రసీదు పెట్టమని అడిగేవాళ్ళకి కొదవ లేదు. కోప్పడేది కాదు. "చట్టం ఎంతవరకు వదులుతుందో అంతా వదిలిస్తానండి. లేనిది మాత్రం రాయను" అనేది. కొంతమంది వేరే చోటుకి పోయారు. పోతే పోయారు అనుకుంది.

రెండువేల ఒకటి జనవరిలో గంగయ్య వచ్చాడు. సముద్రపొడ్డున చేపల వేటకెళ్ళే కుటుంబం. ఆ ఇంట్లో ప్రభుత్వోద్యోగం వచ్చింది అతనొక్కడికే. అక్కడి హైస్కూల్లో అటెండరు. తొంభై ఒకటిలో లాబ్ సామాన్లు పోయాయని అతని మీద నేరం మోపి ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ సామాన్లు తీసింది అతను కాదని ట్రిబ్యునల్ తేల్చేసరికి తొమ్మిదేళ్ళు పట్టింది. మళ్ళీ చేర్చుకున్నారు. ఆ ఏళ్ళ జీతమంతా ఒక్కసారే ఇమ్మన్నారు. తీరా బిల్లు తయారయ్యాక, ఒకే ఏడు ఇంత సొమ్ము వస్తోంది కాబట్టి పన్ను గట్టిగానే కోయాలన్నారట. ఎవరో చెబితే సూర్యకళగారిని వెతుక్కుంటూ వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోవడానికి మొహమాటపడ్డాడు.

సూర్యకళ కాగితాలన్నీ చదివింది. ఒక దారి ఉందని చెప్పింది. సొమ్ము ఇప్పుడు వచ్చినా, ఏ ఏటి జీతం ఆ ఏటిదే అనుకుని పన్ను లెక్క కట్టమని చట్టంలోనే ఉంది. అలా కడితే ఏ ఏడూ అతని జీతం పన్ను దాకా రాదు. అయితే ఏ ఏటికి ఎంత జీతమో స్కూలువాళ్ళే రాసివ్వాలి.

స్కూలు గుమాస్తా వెంకటరాజు రాసివ్వనన్నాడు. గంగయ్య రెండోసారి వెళ్ళినా అదే మాట. దాంతో సూర్యకళ గది తాళం వేసి, బస్సెక్కి, ఆ స్కూలుకి తనే వెళ్ళింది. ఫిబ్రవరిలో గది మూసిందంటే ఎంత నష్టమో బుల్లిరాజుకి తెలుసు. అయినా వద్దనలేదు.

వెంకటరాజు చెడ్డవాడేం కాదు. భయస్తుడు. పన్ను తక్కువ కోశావని రేపు ఆడిట్‌లో పట్టుకుంటే తన జీతంలోంచి కట్టిస్తారని అతని బెంగ. చేయని తప్పుకి గంగయ్య ఏమైపోయాడో ఆ స్కూల్లో అందరూ చూసినవాళ్ళే. సూర్యకళ ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. చట్టంలో ఆ పేజీ చదివి వినిపించింది. ఏ ఫారం మీద గంగయ్య సంతకం పెడితే గుమాస్తాకి పూచీ ఉండదో చూపించింది. పాత జీతాల పట్టికలు తీయించి, అతని పక్కనే కూర్చుని, పే రివిజన్లూ ఇంక్రిమెంట్లూ కలుపుకుంటూ ఏటికేడు రాయించింది. సాయంత్రానికి హెడ్మాస్టరుగారు సంతకం చేశారు.

ఆ కాగితం గంగయ్య చేతికిస్తే, అతను మొత్తం ఎంతో చూడలేదు. పైనుంచి కిందకి వేలు పెట్టి ఒక్కో ఏడూ చదువుకుంటూ వచ్చాడు. ఒకచోట ఆగాడు.

"అమ్మగారూ, ఈ ఏడు నేను కాకినాడలో బస్తాలు మోశానండి. మా ఇంటిది తలుపులమ్మ ఎండుచేపల గంప నెత్తినెట్టుకుని ఊళ్ళు తిరిగింది. ఇందులో మాత్రం బళ్ళోనే ఉన్నట్టుందండి."

"ఉన్నట్టు కాదు గంగయ్యగారూ. మీరు బళ్ళోనే ఉండాల్సింది. అదే రాశారు" అంది సూర్యకళ.

అతను కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వెంకటరాజు లేచి వెళ్ళి అందరికీ టీ చెప్పొచ్చాడు.

పన్ను కోయలేదు. గంగయ్య ఆ సొమ్ముతో తాటాకిల్లు తీసి డాబా వేశాడు. సూర్యకళ ఫీజు వద్దనలేదు. అందరి దగ్గరా తీసుకునేదే అతని దగ్గరా తీసుకుంది. వద్దంటే అతను చిన్నబుచ్చుకుంటాడని ఆవిడకి తెలుసు. ఆ తర్వాత ఒకరోజు తలుపులమ్మ బస్సులో బొమ్మిడాయి చేపలు పట్టుకొచ్చి, పులుసు ఎలా పెట్టాలో బుల్లిరాజుకి కూడా చెప్పి మరీ వెళ్ళింది.

ఆ ఏడాది నుంచి సూర్యకళ ఇంకో పని మొదలుపెట్టింది. జనవరి ఆదివారాల్లో స్కూళ్ళకి వెళ్ళి, టీచర్లకీ గుమాస్తాలకీ ఎవరి లెక్క వాళ్ళే వేసుకోవడం నేర్పేది. మొదటి ఆదివారం ముందు బెంచీలో కూర్చున్నది వెంకటరాజే. అరటి కొట్టు మళ్ళీ పుంజుకుంటున్న రోజులు. బుల్లిరాజు ఉండబట్టలేక అడిగాడు, అందరికీ నేర్పేస్తే నీ దగ్గరికి ఎవరొస్తారని.

"తేలికవి వాళ్ళే చేసుకుంటారండి. గంగయ్యగారి లాంటివి వచ్చినప్పుడు నాకు తీరికుండాలి కదా" అంది.

అలాగే జరిగింది. రెండువేల ఎనిమిది నాటికి గదిలో కంప్యూటరు వచ్చింది, రిటర్నులు ఇంటర్నెట్లో పంపడం వచ్చింది. గది ముందు స్కూటర్లు తగ్గాయి. అయితే సామర్లకోట నుంచీ, ఇంకా దూరం నుంచీ, ఎవరూ ముట్టుకోని చిక్కుముళ్ళు సంచుల్లో పెట్టుకుని జనం వచ్చేవారు. సూర్యకళగారు ముందు వాళ్ళని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అసలేం జరిగిందో మొదట్నుంచీ చెప్పమనేవారు.