కండక్టర్ మావయ్య కాలవ

కండక్టర్ మావయ్య పోయారని బందరు మెకానిక్ భాయ్ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను పెడన నుంచి వచ్చే బస్సులో ఉన్నాను. బందరు ఆస్పత్రిలో, తెల్లవారుజామున, ఆయాసం ఎక్కువై పోయారట. ఆ మాట వినగానే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. అయితే ఈ ఆదివారం కాలవకి వెళ్ళక్కర్లేదు అనిపించింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. మనిషి అలిసిపోతే మనసు కూడా ఇలాగే తయారవుతుంది కాబోలు.

ఆయన నాకు చుట్టం కాదు. అవనిగడ్డలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు. మీలో ఎవరైనా ఒకప్పుడు బందరు నుంచి అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్ళి ఉంటే ఆయన చేతి టికెట్ తీసుకునే ఉంటారు. గట్టి గొంతు, చెవి మీద పెన్ను, ఎప్పుడూ కాస్త చిరాకు మొహం. రిటైరయ్యాక ఆ చిరాకంతా పట్టుకొచ్చి మా మీద పెట్టారు.

నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే, ఎవరో వదిలేసిన రొయ్యల చెరువులు బోడిగా పడి ఉంటాయి. ఒకప్పుడు అక్కడంతా మడ అడవి. అందులో ఒక చెక్క నేలని మళ్ళీ మడ మొక్కలతో నింపాలని కొంతమందిమి పూనుకున్నాం. బందరు మెకానిక్ భాయ్, గుడివాడ నుంచి ఇద్దరు టీచర్లు, నేను, ఊళ్ళోవాళ్ళు కొందరు. మావయ్య ఎలా చేరారో ఎవరికీ గుర్తులేదు. ఒక ఆదివారం వచ్చారు, రెండో ఆదివారానికి పెత్తనం ఆయనదే అయిపోయింది.

చూడ్డానికి వచ్చినవాళ్ళు, "చిన్నప్పుడు దివిసీమ ఉప్పెన చూశారు కదండీ, అందుకేనా ఈ పని?" అని అడిగేవారు. ఆయనకి ఒళ్ళు మండేది. "ఉప్పెనా లేదు గిప్పెనా లేదు. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ పప్పులో రాళ్ళేరమంటుంది. అందుకని వచ్చా" అనేవారు.

బురదలో మేమందరం ఏదో ఒకరోజు పడ్డవాళ్ళమే. ఆయన మాత్రం ఒక్కసారీ పడలేదు. నడుస్తున్న బస్సులో నిలబడ్డట్టు కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం ఒక పక్కకి వాల్చి నిలబడేవారు. కాలవలో మమ్మల్ని వరసగా నిలబెట్టి, బురద తట్టలు చేతులు మారుతుంటే, "ముందుకి జరగండి, మధ్యలో అంత ఖాళీ ఏంటి?" అని అరిచేవారు. గుడివాడ టీచరుగారు ఒకసారి, "మేమేమన్నా ప్యాసింజర్లమాండీ?" అంటే, "ప్యాసింజర్లయితే ఈపాటికి దింపేసేవాణ్ణి" అన్నారు.

మొదటి ఏడాది మేం చేసిన తప్పు గురించి చెప్పాలి. అది కృష్ణా డెల్టా వాళ్ళు మాత్రమే చెయ్యగలిగిన తప్పు. మాది వరి పండించే గడ్డ. నీళ్ళు కనపడితే గట్టు వెయ్యకుండా ఉండలేం. ఆ పాత చెరువులో మడ కాయలు నాటగానే, చుట్టూ తెగిపోయిన గట్లన్నీ శుభ్రంగా పూడ్చాం. నారుమడిలా నీళ్ళు నిలబెట్టాలని మావయ్య పట్టుబట్టారు. ఎవరం కాదనలేదు, అందరి బుర్రా అలాగే పనిచేసింది. ఒకచోట గేదెలు రోజూ దాటుతూ గట్టు తొక్కేసేవి. ఆయన వాటిని నానా తిట్లూ తిట్టి గండి పూడ్పించేవారు. అవి మళ్ళీ తొక్కేవి. చివరికి విసుగొచ్చి వదిలేశారు.

మొక్కలు కొన్నాళ్ళు పచ్చగా ఉండి మొదళ్ళు కుళ్ళాయి. ఎండలు ముదిరేసరికి నిలవ నీళ్ళు ఇంకిపోయి నేలంతా తెల్లగా ఉప్పు పేరుకుంది. బతికిన మొక్కలు ఆ గేదెల గండి దగ్గర ఉన్నవే. అక్కడ సముద్రం పోటుకి నీళ్ళు లోపలికి వచ్చి, పాటుకి బయటికి వెళ్ళేవి. మావయ్య ఆ గండి దగ్గర చాలాసేపు నిలబడ్డారు. తర్వాత మా అందరి ముందూ అన్నారు, "తప్పు నాదేనమ్మా. దిగేవాళ్ళని దిగనివ్వలేదు, ఎక్కేవాళ్ళని ఎక్కనివ్వలేదు. తలుపు కట్టేసి కూర్చున్నాం." ఆ రోజే మేం వేసిన గట్లు మేమే తెగ్గొట్టడం మొదలుపెట్టాం.

అప్పటి నుంచీ మా పని నాటడం కాదు, కాలవ తీయడం. పక్కనున్న ఏటి నుంచి ఒక పెద్ద కాలవ, దానికి అటూ ఇటూ పిల్ల కాలవలు. పోటు నీళ్ళు ప్రతి మొక్క దగ్గరికీ వెళ్ళి రావాలి. నీళ్ళు వెళ్ళిన చోటల్లా మొక్కలు నిలబడ్డాయి. పీతలు వచ్చాయి, పీతల కోసం కొంగలు వచ్చాయి. ఒక పొద్దున నీటికుక్కలు పిల్లల్ని వెంటేసుకుని మా ముందే కాలవ దాటాయి. మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే మావయ్య మెల్లగా, "పిల్లలకి హాఫ్ టికెట్" అన్నారు. అంత సంతోషంగా ఆయన్ని నేను మళ్ళీ చూడలేదు.

కానీ కాలవ ఏట్లో కలిసే మొగ ఉందే, అది ప్రతి ఏడాదీ వానలకి పూడిపోతుంది. ప్రతి ఏడాదీ తీయాలి. మొక్క పట్టుకుని ఫోటో దిగడానికి బ్యానర్లు కట్టుకుని మరీ వచ్చేవారు జనం. "బురద తియ్యమంటే మాత్రం అందరికీ నడుం నొప్పే" అనేవారు మావయ్య. టీచర్లలో ఒకాయనకి బదిలీ అయింది, ఒకాయనకి మోకాళ్ళు అరిగాయి. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఒకరోజు గట్టు మీద కూర్చుని ఆయనే అన్నారు, "విసుగొచ్చేసిందమ్మాయ్."

"మరి మానేద్దాం మావయ్యగారూ" అన్నాను ఆశగా.

"రిటైరయ్యే రోజు దాకా విసుక్కుంటూనే డ్యూటీ ఎక్కాను. నాకు విసుగొస్తే బండి ఆగుద్దా?" అని పార అందుకున్నారు.

ఈ ఏడాది వరద ఎక్కువగా వచ్చి మొగ గట్టిగా పూడింది. మావయ్య అప్పటికే ఆస్పత్రిలో ఉన్నారు. చూడ్డానికి వెళ్తే ఆయన అడిగింది ఒక్కటే, కాలవ తీశారా అని. తీస్తామన్నాం. తియ్యకముందే ఆయన పోయారు.

పెద్దకర్మ అయ్యాక మిగిలినవాళ్ళం మెకానిక్ షెడ్డులో కూర్చున్నాం. ఆయన పేరు మీద ఈ ఒక్కసారి మొగ తెరిచి, అంతటితో ఆపేద్దామనుకున్నాం. ఆపేస్తే రెండు మూడు వేసవుల్లో ఉప్పు పైకి తేలి మొక్కలు చచ్చిపోతాయని మాకు తెలుసు. తెలిసే ఒప్పుకున్నాం. ఎవరూ వాదించలేదు. అందరికంటే ముందు తలూపింది నేనే.

ఆ ఆదివారం మొగ దగ్గర సగం బురద తీసేసరికి గట్టు మీద ఆటో ఆగింది. అందులోంచి అత్తయ్యగారు దిగారు. మావయ్య భార్య. ఇన్నేళ్ళలో ఆవిడ అక్కడికి రావడం అదే మొదలు. మూడో నెల వెళ్ళేదాకా గడప దాటకూడదని ఆవిడ అక్కలు అన్నారట. వినలేదు.

గట్టు మీద నిలబడి నాలుగు వైపులా చూశారు. మా మొక్కలు ఇంకా నడుం ఎత్తు దాటలేదు.

"ఇంతేనా?" అన్నారు.

మెకానిక్ పార పక్కన పెట్టి గట్టెక్కాడు.

"ఆయన చెప్తుంటే నేను పెద్ద అడవేమో అనుకున్నా."

"పెరగాలి కదండీ అత్తయ్యగారూ, టైం పడుద్ది" అన్నాడు మెకానిక్.

ఆవిడ మొగ వైపు చూశారు. "ఇది మళ్ళీ ఎప్పుడు పూడుద్ది?"

"వచ్చే వానలకండీ" అన్నాను.

"అయితే అప్పుడు నాకు నాలుగు రోజుల ముందే చెప్పమ్మా. ఇవాళ సరిగ్గా తయారై రాలేదు. ఈ చీర ఈ పనికి పనికిరాదు."

ఇదే ఆఖరిసారని ఆవిడతో చెప్పాలి. మెకానిక్ వైపు చూశాను. అతను పార వైపు చూస్తున్నాడు.

"చెప్తానండీ" అన్నాను. "ముందే చెప్తాను."

మిగిలిన బురద తీసేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. పోటు మొదలైంది. అత్తయ్యగారు కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని గట్టు దిగి, మొగలో నిలబడ్డారు. నీళ్ళు ఆవిడ పాదాలు తడిపి, మడమలు దాటి, మొక్కల వైపు వెళ్తున్నాయి. అవి ఎంతవరకు వెళ్తాయోనని ఆవిడ అక్కడే నిలబడి చూస్తున్నారు.