మెడ వెనక లేబుల్

టైలరు షాపులో బట్ట కత్తిరించే ఆయన్ని అందరూ మాస్టరు అనేవారు. "మాస్టరుకి నా మొహం తెలీదు గానీ, నడుం కొలత మాత్రం నోటికొచ్చు" అని షాపుకొచ్చే ఒక లావుపాటావిడ ఎప్పుడూ నవ్వుతుండేది. ఇంట్లోనూ అంతే. భార్య మొహం చూసి మాట్లాడిన మనిషి కాదు. గోడవైపు తిరిగి తినేవాడు. కంచం పక్కన గ్లాసు కాస్త జరిగిందా, సగంలో లేచిపోయేవాడు. నేనంటే ఈయనకి గిట్టదు అనుకుంటూనే ఆవిడ కాపురాన్ని గుట్టుగా లాక్కొచ్చింది.

మురిపెంగా మనసులో దాచుకున్నవి రెండే రెండు. ఒకసారి తమ్ముడొచ్చి "బావా, ఇవాళ మా అక్క వంటెలా ఉంది?" అంటే, తలెత్తకుండా "నిన్నటిదే నయం" అన్నాడు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆవిడా నవ్వింది. రెండోది, ఆవిడకి కొత్త బట్ట ఏది కొన్నా, ఒంటిమీదికి వెళ్ళకముందే మెడ వెనక లేబుల్ ఊడదీసి, దారం పోగు కూడా మిగలకుండా లాగి ఇచ్చేవాడు. ఎందుకని ఆవిడ అడగలేదు. ఆయన చెప్పనూ లేదు.

ఆయన పోయాక కొన్నాళ్ళకి కూతురు తన పాపని డాక్టరుకి చూపించింది. ఆటిజం అన్నారు. కూతురు నేరుగా వచ్చి తల్లి పక్కన కూలబడింది.

"డాక్టరు ఒక్కొక్కటీ అడుగుతుంటే నాన్నే కళ్ళముందు కనిపించాడమ్మా. ఆయనకీ ఇదే."

ఆవిడ గుండెమీంచి బండ దించినట్టయింది. "అయితే నామీద కోపం కాదా?"

"కోపమా పాడా! మొహం చూడలేకపోవడం, గ్లాసు జరిగితే లేచిపోవడం, అన్నీ అదేనమ్మా."

"మరి ఆ వేళాకోళం? నిన్నటిదే నయం అన్నాడే?"

కూతురు కాస్త తటపటాయించింది. "అదీ అంతేనేమో. అడిగారు, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మనం నవ్వాం గానీ, ఆయన నవ్వాడా?"

నవ్వలేదు.

ఇక రెండోది అడగడానికి ఆవిడకి ధైర్యం చాల్లేదు. పాప గౌను మడతపెడుతూ కూతురే అంది. "లేబుల్ గుచ్చుకుంటే ఇది ఇల్లు పీకి పందిరేస్తుంది. నాన్నకీ లేబుళ్ళు పడేవి కాదుగా? నీ బట్టలక్కూడా ఉండనిచ్చేవాడు కాదు."

ఆవిడ ఆ గౌను అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"అన్నీ అదే అయితే, మరి మీ నాన్నేడే?"

"ఏది అది, ఏది నాన్న అని ఇప్పుడెవరు చెప్తారమ్మా? చెప్పాల్సిన మనిషే లేడు."

చలి మొదలయ్యాక కూతురు స్వెటరు కొనిచ్చింది. వేసుకున్న కాసేపటికి మెడ వెనక చురుక్కుమంది. తడిమి చూస్తే లేబుల్. అది ఇలా గుచ్చుకుంటుందని ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకి తెలియనే తెలియదు.

లేచి వెళ్ళి ఆయన కత్తెర తీసింది. ఆయన ఊడదీసింది తను చూడలేకా, నాకు గుచ్చుకోకూడదనా? ఎంత తవ్వుకున్నా ఒక్క మాట, ఒక్క చూపు గుర్తుకు రాలేదు.

కత్తెర ఎక్కడిదక్కడ పెట్టేసింది. మెడ కందిపోయింది. ఆ చలికాలమంతా ఆవిడ ఆ లేబుల్‌ని ఊడదియ్యలేదు.